నూతి అడుగున సున్నా

తెర మీద బొమ్మ కనబడటం లేదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ చేతులు ఊరుకోవు. రిటైరై రెండేళ్లు దాటింది. మౌసు పట్టుకున్న చేత్తో ఇప్పుడు కూరల సంచీ పట్టుకుంటున్నాను. అయినా టెక్కలి బజారులో మా శాఖలో కొత్తగా చేరిన ఇంజనీరు ఎవరో ఎదురై, "సార్, సర్వే ఫైలు ఎక్కిస్తే తెర ఖాళీగా కనిపిత్తంది, ఏటి సెయ్యాలంటారు?" అని అడిగితే చాలు, సంచీ స్కూటరుకి తగిలించి అక్కడే పాఠం మొదలుపెడతాను. మా ఆవిడకి ఆ పాఠం మొత్తం కంఠతా వచ్చు. "ముందు సున్నా ఎక్కడుందో చూసుకోమనండి, తోటకూర వాడిపోతోంది" అని ఆవిడే ముగిస్తుంది.

ఆఫీసులో నాకు సున్నా మాస్టారని పేరు. ముఖం మీద ఎవరూ అనలేదు గాని నాకు తెలుసు, లోపల కొంచెం గర్వంగానే ఉండేది. ఆ పేరుకి నేను ఎంత తగినవాడినో తేలిన సంగతి ఇది. బజారు పాఠంలో ఈ భాగం చెప్పను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీకు రాసి పెడితే మంచిదనిపించి రాస్తున్నాను.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినప్పుడు డ్రాయింగంటే ట్రేసింగు కాగితం, ఇంకు పెన్ను, తప్పు గీస్తే గీకడానికి సగానికి విరిచిన బ్లేడు. గీకిన చోట వేలితో తడిమితే గరుకుగా తగిలేది. మా మొదటి ఆఫీసరు కళ్లు మూసుకుని కాగితం తడిమి, ఎవరు ఎక్కడ తడబడ్డారో చెప్పేవాడు. కంప్యూటర్లు వచ్చాక ఆ గరుకు పోయింది. తప్పూ ఒప్పూ ఒకే నున్నదనంతో కనిపించడం మొదలైంది. మా ఈడువాళ్లు చాలామంది మౌసుని చూసి భయపడితే నేను ఇష్టపడి నేర్చుకున్నాను. భవనాల డిజైను సాఫ్ట్‌వేరు ఆఫీసుకి వచ్చినప్పుడు తన మొండితనాలన్నీ ముందు నా మీదే ప్రయోగించింది. అలా నేను ఆ ఆఫీసుకి వైద్యుణ్ణయ్యాను.

ఆ అమ్మాయి కాంట్రాక్టు మీద వచ్చింది. అమ్మాయి అంటున్నాను గాని అప్పటికే ముప్పై అయిదేళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఊరు సోంపేట దగ్గర. రోజూ పలాసలో బస్సు మారి పదికల్లా ఆఫీసులో ఉండేది. వచ్చిన వారానికే ఆమె దగ్గర రెండు వింతలు కనిపెట్టాను. ఒకటి, నల్ల అట్ట వేసిన పొడుగాటి నోటుపుస్తకం. ఏ ఫైలు వచ్చినా ముందు అందులో రాసేది. ఎవరిచ్చారు, మీటర్లలో ఉందా మిల్లీమీటర్లలో ఉందా, తాను ఎక్కడ పట్టుకుని ఎంత దూరం జరిపింది, ఎటు తిప్పింది, అన్నీ. వచ్చిన ఫైలుని ముట్టుకోకుండా దాచి, నకలు మీదే పని చేసేది. మా వాళ్లు దానికి జాతకాల పుస్తకమని పేరు పెట్టి నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

రెండోది, ఏ బొమ్మనైనా పైనుంచి చూసి వదిలిపెట్టేది కాదు. మేమంతా ప్లాను చూసి, సరిగ్గా ఉంటే ప్రింటు కొట్టేవాళ్లం. ఆమె మాత్రం దాన్ని పక్కకి తిప్పేది, అడుగునుంచి చూసేది, వెనక్కి తిప్పేది. ఒకరోజు విసుగొచ్చి అడిగాను.

"ఎందుకమ్మా అన్ని తిప్పుళ్లు? పైన బాగానే ఉంది కదా."

"అలవాటైపోనాది సార్" అంది నవ్వుతూ. "సదువుకున్న రోజుల్లో సెలవులొత్తే మాయమ్మతో పలాస జీడి ఫ్యాక్టరీకి పోయేదాన్ని. పప్పు ఏరడానికి. పైకి తెల్లగా ఉంటాది. తిప్పితే అటుపక్క మచ్చ. తిప్పకుండా గంపలో వేత్తే మేస్త్రమ్మ సేతిమీద కొట్టేది. అప్పట్నుంచి ఏదైనా తిప్పి సూడకపోతే నాకు సేతికి దెబ్బ తగిలినట్టుంటాది."

బాగుందని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం "జీడిపప్పూ సర్వే ఫైలూ ఒకటేనా" అన్నాను. సున్నా మాస్టారికి అంతకంటే పెద్ద మనసు అప్పట్లో లేదు.

ఇక అసలు పని. ఉద్దానం తీరంలో, జీడితోటలు దాటి ఇసుక దిబ్బల దగ్గర ఒక ఊరు. ఊరి పేరు వద్దు. తుఫాను వచ్చినప్పుడు ఊరంతా తలదాచుకునేందుకు అక్కడ ఒక భవనం మంజూరైంది. మామూలు రోజుల్లో బడి, తుఫాను రోజుల్లో ఆశ్రయం. అలాంటి భవనానికి అందం ఎలా ఉన్నా ఫరవాలేదు, నేల ఎత్తు మాత్రం తప్పకూడదు. సముద్రం ఊళ్లోకి వస్తే నీళ్లు ఎంతవరకు రావచ్చో లెక్కగట్టి, గదుల నేల సముద్ర మట్టానికి పదమూడు అడుగుల ఎత్తున ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. కింద స్తంభాలు, వాటి మీద గదులు. స్తంభాలు ఎంత ఎత్తు ఉండాలన్నది అక్కడి నేల సముద్రానికి ఎంత ఎత్తున ఉందో దాన్ని బట్టి తేలుతుంది. పదమూడులోంచి నేల ఎత్తు తీసేస్తే మిగిలింది స్తంభం. మూడో తరగతి లెక్క.

సర్వే చేసినాయన ఫైలుని పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చి, మూలపేట వైపు వేరే పని మీద వెళ్లిపోయాడు. అదే వారం ఆ అమ్మాయి చెల్లెలికి పురుడని సెలవు పెట్టింది. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగింది.

"సార్, ఆ ఫైలు నేనొచ్చేక సూత్తానండి. లేకపోతే మీరు సూసినా, నకలు తీసి..."

"నాకు నేర్పుతున్నావా తల్లీ?" అన్నాను. నవ్వుతూనే అన్నాను గాని ఆమె మాట అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు ఫైలు సాఫ్ట్‌వేరులోకి ఎక్కించాను. తెర ఖాళీ. మొత్తం చూపించమంటే ఈ మూల ఒక చుక్క, ఆ మూల ఒక చుక్క. మొదటి రోగం తెలిసిందే. సర్వే మీటర్లలో ఉంది, మన సాఫ్ట్‌వేరు దాన్ని మిల్లీమీటర్లనుకుంది. ఊరు ఊరంతా అగ్గిపెట్టెలో పట్టేంత అయిపోయింది. కొలమానం మార్చి మళ్లీ ఎక్కించాను. ఊరు కనిపించింది. దాని మీద గోడలు గీయడం మొదలుపెట్టగానే రెండో రోగం బయటపడింది. తిన్నటి గోడ రంపం పళ్లలా కనిపించింది. గుండ్రటి స్తంభం పలకలు దేలింది. బొమ్మని కాస్త తిప్పితే సగం భవనం మాయమై, మళ్లీ తిప్పితే ప్రత్యక్షమయ్యేది.

ఇదీ నాకు తెలిసిన జబ్బే. సర్వే అంకెలు ఎక్కడో లక్షల మీటర్ల అవతల మొదలవుతాయి. సాఫ్ట్‌వేరు తన సున్నాకి దగ్గరగా ఉన్నవాటిని శుభ్రంగా చూపిస్తుంది, అంత దూరాన ఉన్న వస్తువుని వేలెడు తేడాతో చూపించమంటే తడబడుతుంది. లారీలు తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టినట్టు. మందు ఒక్కటే. మొత్తం బొమ్మని పట్టుకుని సున్నా దగ్గరికి తేవాలి.

ఎక్కడ పట్టుకోవాలి? ఆ స్థలం అంచున ఒక నుయ్యి ఉంది. నుయ్యి కదలదు, ఊళ్లో అందరికీ తెలుసు, భవనం మూల నుంచి దానికి కొలత ఉంది. నూతి మధ్యన మౌసు పెట్టి నొక్కాను. బొమ్మ దాన్ని ఠక్కున పట్టుకుంది. సున్నా అని కొట్టాను. ఒక్క క్షణంలో ఊరు, తోటలు, దిబ్బలు అన్నీ వచ్చి ఒడిలో కూర్చున్నాయి. గోడలు తిన్నగా, స్తంభాలు గుండ్రంగా. ఎంత తిప్పినా చెక్కుచెదరలేదు. నేను తిప్పింది గోడలు మాయమవుతున్నాయా లేదా అని చూడటానికే. ఆ సంతోషంలో పెన్‌డ్రైవులో ఉన్న అదే ఫైలు మీద సేవ్ కొట్టేశాను. నకలు లేదు. నల్ల పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదు, అది ఆమె సొరుగులో ఉంది.

నేల ఎత్తు ఎంతో ఆ ఫైలునే అడిగాను. పది అడుగులంది. పదమూడులోంచి పది పోతే మూడు. స్తంభాలు మూడు అడుగులు, పైకి ఆరు మెట్లు. డిజైను అయింది, ప్రింట్లు అయ్యాయి, సంతకాలు అయ్యాయి. ఈఈ గారు అంటే మా డివిజను పెద్ద ఇంజనీరు, ఊరికే ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. ఆయన కూడా "మొత్తానికి మొండి ఫైలుని దారిలో పెట్టారు" అన్నారు. ఆ మాట నాకు వారం రోజులు తిండిలా సరిపోయింది.

ముగ్గు పోయడానికి ముందురోజు ఆమె సెలవు నుంచి వచ్చింది. ముగ్గు పోయడమంటే తెలుసు కదా, భవనం ఎక్కడ వస్తుందో నేల మీద సున్నంతో గీతలు పోసి, కొబ్బరికాయ కొట్టి, పునాది తవ్వకం మొదలుపెట్టడం. ఆమె వస్తూనే ఫైలు తెరిచి, అలవాటు ప్రకారం పక్కకి తిప్పింది. చాలాసేపు కదలకుండా చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"సార్, దీన్ని ఎక్కడ పట్టుకుని జరిపేరు?"

"నూతి మీద."

"నూతి మీదా సార్, నూతి అడుగునా?"

నేను కుర్చీ జరుపుకుని చూశాను. పక్కనుంచి చూస్తే నుయ్యి నిలువుగా ఒక గొట్టంలా కనిపిస్తోంది. సర్వే ఆయన అక్కడ రెండు చుక్కలు పెట్టాడు. ఒకటి నూతి గట్టు మీద, ఒకటి అడుగున. పైనుంచి చూస్తే ఒకదాని మీద ఒకటి ఉండి ఒక్కటిగానే కనిపిస్తాయి. తెర మీద కింది చుక్క సరిగ్గా సున్నా మీద, అంటే సముద్ర మట్టం మీద, కూర్చుని ఉంది.

"నూతి అడుగు అంత కచ్చితంగా సున్నా కాడ ఎలాగుంటాది సార్?" అంది.

నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది. "సముద్రం పక్కన నుయ్యి. అడుగు సముద్ర మట్టానికి ఉంటే వింతేముంది?"

ఆమె తెర మీది గొట్టాన్ని వేలితో చూపించింది. "అలాగైతే నూతిలో నీళ్లుండవు కదండీ. సముద్రం ఒడ్డు నూతిలో నీళ్లు ఇంచుమించు సముద్రం మట్టానికే నిలుత్తాయి. అడుగు కూడా అక్కడే ఉంటే ఎండిపోయుండాల. మా ఊళ్లో నూతులన్నీ అంతే సార్."

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే మంట కాదది, భయం. సంతకాలు, ప్రింట్లు, ఈఈ గారి మెప్పు, రేపటి కొబ్బరికాయ అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అసలు ఫైలుతో పోల్చి చూద్దామంటే దాని మీదే సేవ్ కొట్టాను. సర్వే ఆయనకి ఫోను చేస్తే కలవలేదు. "రేపు అక్కడికే వెళ్తున్నాం కదా, నీళ్లున్నాయో లేదో నూతిని అడుగుదువుగాని" అని వెటకారంగా అనేసి నా బల్ల దగ్గరికి వచ్చేశాను. ఆమె నల్ల పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

మర్నాడు ఈఈ గారితో కలిసి జీపులో వెళ్లాం. నేను దారంతా కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నాను. ఊళ్లో షామియానా వేశారు. పిల్లలు, ఆడవాళ్లు, కుర్చీల్లో పెద్దలు. ఊరి ప్రెసిడెంటు కొత్త కండువాతో హడావిడి పడుతున్నాడు. కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రి సున్నం డబ్బాతో మొదటి గీత పోశాడు. తెల్లటి ఇసుక మీద తెల్లటి సున్నం, అయినా గీత బాగానే కనిపించింది.

ఆమె షామియానాలో లేదు. నూతి దగ్గర ఉంది. అక్కడ ఒక ముసలామె నీళ్లు తోడుకుంటోంది. నా కాళ్లు నా మాట వినకుండా అటు నడిచాయి.

"ఏటమ్మా, నూతిలో తొంగి సూత్తన్నావు? ఏటైనా పడిపోనాదా?" అంటోంది ముసలామె.

"లేదు పెద్దమ్మా. నీళ్లు ఎంత లోతున అందుతాయి?"

"బారెడు మీద మూరెడు తాడుకి బాల్చీ తడుత్తాది. ఎండాకాలం గదా, ఇంతే. వానాకాలం అయితే బారెడే."

"అక్కణ్ణుంచి అడుక్కి?"

"రొండు మూరలుంటాయి. మొన్ననే మా కోడలి చెంబు పడిపోతే మనవడు దిగి తీసినాడు. ఆడికి రొమ్ముకాడికొచ్చినాయి."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది నాకు. బయటికి తీశాను. ముసలామె తాడు అడిగి బాల్చీ వదిలాను. బాల్చీ నీళ్లు తాకిన చప్పుడు వినగానే తాడుని గట్టు దగ్గర పట్టుకుని పైకి లాగి, నేల మీద పరిచి కొలిచాను. ఏడు అడుగులు. మళ్లీ అడుక్కంటా వదిలి కొలిచాను. పది. నీళ్లు ఏడు అడుగుల కిందనే ఉన్నాయంటే ఆ నేల సముద్రానికి ఏడు అడుగుల ఎత్తున ఉందన్నమాట, అటూ ఇటూ ఓ జానెడు తేడా ఉన్నా. నా ఫైలులో మాత్రం పది. నూతి అడుగు చుక్కని పట్టుకుని సున్నాకి లాగినప్పుడు ఊరు మొత్తం మూడు అడుగులు పైకి లేచింది. తెర మీద లేచింది, అంతే. నేల ఎక్కడిది అక్కడే ఉంది. దాని మీద నా మూడడుగుల స్తంభాలు కడితే గదుల నేల ఉండాల్సిన చోటికి మూడు అడుగులు తక్కువలో ఉంటుంది. తుఫానుకి తలుపులేసుకుని లోపల పడుకున్నవాళ్ల పక్కలోకి సముద్రం వస్తుంది.

నేను అక్కడే నూతి గట్టు మీద కూర్చుండిపోయాను.

"నువ్వు వెళ్లి చెప్పమ్మా ఈఈ గారితో" అన్నాను. "కనిపెట్టింది నువ్వు."

"మీరే సెప్పండి సార్" అంది నెమ్మదిగా. "నేను సెప్తే మీ మీద సెప్పినట్టుంటాది. మీరు సెప్తే మీరు సరిజేసినట్టుంటాది."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాతో అంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదు. ముందురోజు నేనన్న మాట ఆమెకి గుర్తులేదా అంటే, ఉండే ఉంటుంది. దాన్ని నా మీదికి తిరిగి విసరడానికి అంతకంటే మంచి సమయం దొరకదు కూడా. ఆమె విసరలేదు.

ఈఈ గారిని పక్కకి పిలిచి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సర్వేవాళ్లు చేసిన పొరపాటా?" అన్నారు. చూశారా, తప్పించుకునే తలుపు ఎంత సులువుగా తెరుచుకుంటుందో. సర్వే ఆయన ఊళ్లో లేడు, ఫోను కలవటం లేదు, అసలు ఫైలు లేదు. అవునంటే ఎవరూ కాదనలేరు, నూతి దగ్గర నిలబడ్డ ఆమె తప్ప. ఆమె అటు తిరిగి ముసలామెతో మాట్లాడుతోంది, కావాలనే అటు తిరిగిందని నాకు తెలుసు.

"కాదు సార్, నేను చేసిందే" అన్నాను. "ఆవిడ నిన్ననే చెప్పింది. నేను వినలేదు."

ఆయన నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. మేస్త్రిని చెయ్యెత్తి ఆపమన్నారు. అంతే, షామియానాలో గుసగుసలు మొదలయ్యాయి. ప్రెసిడెంటు పరుగున వచ్చాడు.

"ఏటండీ, ముగ్గు పడిపోనాక ఆపడమేటి? ఊరికి మంచిది కాదండి. జనం ఏటనుకుంటారు? ఎత్తూ గిత్తూ తర్వాత సూసుకుందురు గాని, ముందు తవ్వించండి."

ఈఈ గారు వివరించబోయారు. ప్రెసిడెంటు వినే స్థితిలో లేడు, ఆయన వెనక ఇంకో పదిమంది చేరారు. పని ఆగిందంటే మళ్లీ మొదలవదని వాళ్ల భయం. అలా ఆగిపోయినవి వాళ్లు చూసే ఉంటారు, వాళ్లని తప్పుపట్టలేం. ఈఈ గారు కూడా ఒక క్షణం తటపటాయించారు.

అప్పుడు ముసలామె బాల్చీ నేలమీద పెట్టి వచ్చింది.

"ఒరే, ఆ పెద్ద తుఫానుకి నువ్వెక్కడున్నావురా?" అంది ప్రెసిడెంటుతో. వరసకి అల్లుడవుతాడని తర్వాత తెలిసింది.

"ఈడే ఉన్నాను గదే అత్తా."

"నాను మంచం మీద మంచమేసుకుని, దానిమీద మనవణ్ణి ఎత్తుకుని తెల్లారిందాకా నిలబడ్డాను. అడుగు నీళ్లకీ నడుం నీళ్లకీ తేడా ఏటో నాకు తెలుసు. ఈ బాబు ఎత్తు సాల్దని తనే ఒప్పుకుంటన్నాడు. ఒప్పుకున్నోడి నోరు మూయిత్తావేటి? ముగ్గంటావా, మా వాకిట్లో రోజూ ముగ్గు మీద ముగ్గేత్తాం. ఏటైపోనాది?"

ప్రెసిడెంటు కండువా సర్దుకున్నాడు. మా ఆఫీసు అమ్మాయి ముందుకొచ్చి నెమ్మదిగా చెప్పింది, గీతలు ఇక్కడే ఉంటాయని, భవనం ఒక్క అడుగు కూడా ఇటూ అటూ జరగదని, పొడవూ వెడల్పూ మారవని, స్తంభం ఒక్కటే పెరుగుతుందని. స్తంభం పెరిగితే పునాది కూడా మారుతుంది కాబట్టి తవ్వకం మాత్రం ఆపాలని. "మెట్లు ఆరు బదులు పన్నెండవుతాయండి, అంతే" అంది. మెట్ల లెక్కతో చెప్పేసరికి అందరికీ అర్థమైంది. నేనైతే సున్నాతో మొదలుపెట్టి ఇంకా చెబుతూనే ఉండేవాణ్ణి.

సున్నం గీతలు పూర్తిచేసి తిరిగొచ్చాం. మూడో రోజుకి సర్వే ఆయన దొరికాడు, తన దగ్గరున్న అసలు ఫైలు పంపాడు. నేల ఏడు అడుగులు. తాడు చెప్పిందానికి వేలెడు తేడా. మిగతా పని ఆమె తన పద్ధతిలో చేసింది, పక్కన కూర్చుని నేను నేర్చుకున్నాను. బొమ్మని అటూ ఇటూ జరుపు, ఎత్తు మాత్రం ముట్టుకోకు. ఎంత జరిపావో రాసిపెట్టు. తర్వాత పక్కనుంచి చూడు. నల్ల పుస్తకంలో ఆ పేజీ మీద నా పాత తప్పు గురించి కూడా ఆమె రాసి ఉంటుందని దొంగచాటుగా చదివాను. "నూతి అడుగు చుక్క పట్టుకోవడం వల్ల మూడు అడుగులు పెరిగింది, సరిచేయడమైనది" అని ఉంది. ఎవరు పట్టుకున్నారో రాయలేదు.

వారం ఆలస్యంగా తవ్వకం మొదలైంది. భవనం లేచింది. నాకు ఒక మెమో వచ్చింది, న్యాయమే. నేను రిటైరయ్యే రోజున ఆమె నాకు నల్ల అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి ఇచ్చింది, ఖాళీది. ఇంట్లో పాలవాడి లెక్క తప్ప అందులో రాయడానికి నాకేం మిగల్లేదని అందరూ నవ్వారు. ఆమె పని ఇప్పటికీ కాంట్రాక్టు మీదే. ఆ మాట తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది, రాయకుండా ఉండలేను.

రిటైరైన ఏడాది తుఫాను వచ్చింది. పేరు పెట్టి చరిత్రలో రాసేంత పెద్దది కాదు గాని ఆ ఊళ్లోకి సముద్రం వచ్చింది. దారులు బాగయ్యాక నేను ఒక్కణ్ణే బస్సెక్కి, తర్వాత ఆటో ఎక్కి వెళ్లాను. భవనం నిలబడి ఉంది. పైన గదుల్లో చాపలు ఆరేస్తున్నారు. కిందనుంచి మెట్లు లెక్కపెట్టాను. బురద చార ఎనిమిదో మెట్టు దాకా ఉంది. పైన నాలుగు మెట్లు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. నా పాత డ్రాయింగులో మెట్లే ఆరు. ఆ రెండు మెట్ల నీళ్లు గదుల్లో ఉండేవి, పక్కల మీద, పసిపిల్లల మీద.

కళ్లు తుడుచుకుని అక్కణ్ణుంచే ఆమెకి ఫోను చేశాను. చార గురించి, మెట్ల గురించి, అందరూ పొడిగా ఉన్నారన్న సంగతి గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నీ వల్లే తల్లీ అన్నాను. ఎన్నాళ్లనుంచో అనాలనుకున్న మాట.

"సానా మంచిమాట సెప్పేరు సార్" అంది. "నూతిలో నీళ్లు ఎలాగున్నాయి? ఉప్పెక్కిపోనాయా?"

నేను చూడలేదు. భవనం చూడటానికి వచ్చి, భవనం చూసి, పొంగిపోతున్నాను. నూతి పక్కనుంచే నడిచి వచ్చాను. ఊరంతా తాగే నీళ్లు అవి.

"ఒక్క నిమిషం ఉండమ్మా" అని ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మెట్లు దిగాను. నూతి దగ్గర ఆ ముసలామె చీపురుతో బురద తోస్తోంది. నన్ను గుర్తుపట్టింది.

"పెద్దమ్మా, ఓసారి తాడు ఇలా ఇవ్వు" అన్నాను.